చుక్కమ్మ పారిపోలేదని పాపకి తెలిసిపోయింది

మీ ఉత్తరం చదివానమ్మా. మీ ఆరేళ్ల పాప పెరట్లో ఓ పెట్టకి చుక్కమ్మ అని పేరు పెట్టుకుంది, అది గుడ్లు మానేసిందని పాప స్కూల్లో ఉన్నప్పుడు మీ ఆయన కోసేశారు, అడిగితే పారిపోయిందన్నారు, నాలుగు రోజులకి గోడ వెనకాల ఈకలు దొరికాయి. ఇప్పుడు కోడికూర ముట్టదు, నాన్నతో మాట్లాడదు, రాత్రిళ్లు లేచి ఏడుస్తోంది. చిన్నపిల్లలున్న ఇంట్లో కోళ్లు కోయడమే తప్పా అని అడిగారు.

కాదు. తినడానికి పెంచుకున్న కోడిని తినడంలో తప్పేముంది. పాపకి గుచ్చుకుంది ఆ అబద్ధం. (ఈకలు రాల్చే కాలంలో పెట్టలు కొన్ని వారాలు గుడ్లు పెట్టవు, మీ ఆయన అది చూసుకున్నారో లేదో, సర్లెండి అయిపోయింది.)

ఆ మాట ఆయనే చెప్పాలి, మీరు కాదు. పక్కన కూచుని "చుక్కమ్మ పారిపోలేదమ్మా, నేనే కోశాను, నువ్వు ఏడుస్తావని భయపడి అబద్ధం చెప్పాను, అది నా తప్పు" అంటే చాలు, వెంటనే "కానీ కోళ్లంటే తినడానికేగా" అని మాత్రం కలపొద్దని చెప్పండి. పాప అరిస్తే అరవనివ్వండి, ఆ రోజే మాట్లాడాలని రూలేం లేదు.

నాలుగేళ్ల బాబు చుక్కమ్మ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నాడన్నారు కదా, ఆ వయసుకి చచ్చిపోవడమంటే ఊరెళ్లి రావడం లాంటిదే, తిరిగిరాదనే సంగతి సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య బుర్రకెక్కుతుంది. అడిగిన ప్రతిసారీ "చచ్చిపోయింది, ఇంక రాదు" అనే చెప్పండి, విసుక్కోకుండా. నిద్రపోయింది అని మాత్రం వద్దు, వాడికి పడుకోవాలంటేనే భయం పట్టుకుంటుంది.

ఇక తిండి. మీ అత్తగారు పస్తుంచితే అదే దారికొస్తుందంటున్నారు, పెద్దావిడ మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నా, ఆ పని చెయ్యకండి. పప్పు, గుడ్డు, పాలు ఉంటే పిల్లకి లోటేం రాదు. మటన్ అని చెప్పి చికెన్ పెట్టడం అస్సలొద్దు, అది రెండో అబద్ధం అవుతుంది.

ఇకమీదట ఏవి గుడ్లకి, ఏవి కూరకి అనేది పిల్లలకి ముందే తెలియాలి, కూరకి పెంచేవాటికి పేర్లొద్దు. పేరు పెట్టిన పెట్టని కొయ్యబోమని మాటిస్తే నిలబెట్టుకోవాలి మరి, గుడ్లు తగ్గిపోయాక కూడా అది ఇంకా ఏళ్ల తరబడి మేత తింటూ ఉంటుంది, ఆలోచించుకుని ఇవ్వండి. కోసే సంగతి ముందురోజే చెప్పండి, బలవంతంగా చూపించొద్దు, ఏడిస్తే ఎగతాళి చెయ్యొద్దు. పాప ఎప్పుడైనా తనంతట తానే చూస్తానంటే మొదట ఈకలు పీకే దగ్గరకే రానివ్వండి. కోసేది కూడా చూడాలంటే, చచ్చిపోయాక కూడా కాసేపు రెక్కలు కొట్టుకుంటాయని, అది నరాల వల్లే తప్ప నొప్పికి కాదని ముందే చెప్పాలి, లేకపోతే ఆ దృశ్యం కళ్లల్లోంచి పోదు. బాబుని మాత్రం ఆ ఛాయలకి తేకండి, పైగా ఐదేళ్లలోపు పిల్లలు కోళ్లని, కోడిపిల్లల్ని ముట్టుకోకపోవడమే మంచిది, కోళ్ల నుంచి అంటుకునే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వాళ్లని గట్టిగా పడేస్తుంది. పాప అయినా సరే గూడు దగ్గరకెళ్తే సబ్బుతో చేతులు కడగాల్సిందే.

రాత్రి ఏడుపులు నెల దాటినా తగ్గకపోతే, స్కూల్ కూడా వద్దంటుంటే పిల్లల సైకాలజిస్ట్‌కి చూపించండి. ఆ ఈకలు ఎక్కడున్నాయో మీరు రాయలేదు, పాప దాచుకుని ఉంటే పారెయ్యకండి.