ఖాళీ కూపన్: నవల రాయాలనుకునే ఒక అమ్మాయికి ఉత్తరం

కాశీబుగ్గ

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అంటే మెయిలే అనుకో, కానీ బజార్లో ప్రింటు తీయించుకుని చదివాను. ముప్పయ్యారేళ్లు పోస్టాఫీసులో పనిచేసినవాడికి చేతిలో కాగితం లేకపోతే ఉత్తరం వచ్చినట్టుండదు. నన్ను మాస్టారూ అని పిలిచావు. బడిలో పాఠాలు చెప్పిన మాస్టార్ని కాదమ్మా, పోస్టు మాస్టర్ని. ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు గనక నువ్వూ అలాగే పిలువు.

రెండు సంగతులు అడిగావు. నవలకి ప్రేరణ ఎక్కడ దొరుకుతుంది, రోజూ రాసే అలవాటు ఎలా వస్తుంది అని. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ నలభయ్యో పేజీ దగ్గరే ఆగిపోయానన్నావు. పైగా విశ్వనాథ సత్యనారాయణ వారు వేయిపడగలు నవల 29 రోజుల్లో పూర్తి చేశారట, నాకు మూడేళ్లయినా కదలట్లేదు, నాలో ఆ సరుకు లేదేమో అని టెన్షన్ పడుతున్నావు.

ముందు ఆ 29 రోజుల సంగతి తేల్చేద్దాం. ఆయన చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసుకున్నారు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. చూసిన పల్లెలు, కరిగిపోయిన ఆస్తులు, చదివిన పురాణాలు, చుట్టూ తిరిగిన మనుషులు, అన్నీ అప్పటికే లోపల గాదె నిండా ఉన్నాయి. గాదె విప్పి ధాన్యం కొలవడానికి ఒక పూట చాలు. నువ్వు కొలత రోజు చూసి నాట్ల రోజు ఏడుస్తున్నావు.

ఇక ప్రేరణ. ఆ మాట నాకు సన్మాన సభల్లో వినిపించింది గానీ రాసుకునే బల్ల దగ్గర ఎప్పుడూ తగల్లేదు. నాచేత నవల రాయించింది నేను చేసిన ఒక తప్పు. ఎక్కడా చెప్పుకోలేదు, నీకు చెబుతాను.

1990ల చివర్లో సముద్రం పక్క ఊళ్లో సబ్ పోస్టాఫీసులో ఉండేవాణ్ని. మనవాళ్లు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదకి చేపల వేటకి వలస పోతారని నీకు తెలిసిందే. నెల తిరిగేసరికి అక్కణ్నుంచి మనియార్డర్లు వచ్చేవి. ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, పోస్ట్‌మ్యాన్ ఇంటికి తెచ్చేదాకా ఆగేది కాదు. చేపల గంప బయట అరుగు మీద దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ కౌంటరు దగ్గరికొచ్చేది. డబ్బు తర్వాత. ముందు మనియార్డరు ఫారం అడుగున ఉండే కూపన్ చదివి వినిపించాలి. అక్కడ రెండు మూడు లైన్లు రాసుకునే జాగా ఉండేది. కొడుకు ఎవరిచేతో రాయించేవాడు. బాగున్నాను, ఇక్కడ చలి ఎక్కువ, చెల్లికి గాజులు కొను. అంతే. ఆ మూడు ముక్కలూ రెండుసార్లు చదివించుకునేది.

ఒక నెల కూపన్ ఖాళీగా వచ్చింది. ఏమీ రాయలేదమ్మా అన్నాను. ఆవిడ నోట్లు వెనక్కి తోసేసింది.

"ఏటీ రాయకుండా మా వోడు డబ్బులు పంపడు బాబూ. ఇవి ఇంకెవులివో. సరిగ్గా సూడు."

వెనకాల వరసలో జనం. అవతల సంచి కట్టే వేళయింది. నేను కూపన్ మళ్లీ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, చదివాను. "అమ్మా, ఒంట్లో బాగానే ఉంది. సంక్రాంతికి వచ్చేస్తాను."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఏమీ అనలేదు. వేలిముద్ర వేసి, నోట్లు లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. ప్రతి నెలా మూడుసార్లు లెక్కపెట్టుకునే మనిషి.

సాయంత్రం ఈ మాట పోస్ట్‌మ్యాన్‌తో చెబితే అతను తల పట్టుకున్నాడు. "సంక్రాంతికా! ఆగస్టులో బోటెక్కినోడు ఎండాకాలం దాకా ఇంటి మొహం చూడడు కదండీ. సీజన్ మధ్యలో ఎవడొస్తాడు?"

అంటే నా అబద్ధం ఆవిడకి అక్కడికక్కడే తెలిసిపోయింది. తెలిసీ వేలిముద్ర వేసింది. ఎందుకు? పదిమందిలో నా పరువు కాపాడిందా? ఖాళీ కూపన్ కంటే దొంగ కూపన్ నయమనుకుందా? కొడుక్కి ఏదో అయిందని అప్పుడే అర్థమై, ఆ మాట నా నోట వినడం ఇష్టం లేకపోయిందా? తర్వాతి నెల నుంచి ఆవిడ పోస్టాఫీసుకి రాలేదు. డబ్బు పోస్ట్‌మ్యాన్ చేతే తీసుకునేది. నాకు బదిలీ అయిపోయింది. ఇప్పటికీ నాకు జవాబు తెలీదు. తెలీకే రాశాను, ఎనిమిదేళ్లు పట్టింది. నా మొదటి కల్పన అదమ్మా, మొదటి పాఠకురాలి దగ్గరే పట్టుబడిపోయింది.

పట్టుబడింది ఎందుకంటే నాకు బోటు సీజన్ తెలీదు. అందుకే నవల మొదలుపెట్టే ముందు రెండేళ్లపాటు వెరావల్ నుంచి వచ్చినవాళ్లని పట్టుకుని అడుగుతూనే ఉన్నాను. బోట్లో ఎంతమంది, ఎన్నాళ్లకోసారి ఒడ్డుకొస్తారు, అడ్వాన్సు ఎవరి చేతికిస్తారు, తాగే నీళ్లు అయిపోతే ఏం చేస్తారు. చిన్నపిల్లాడిలా అడుగుతుంటే వాళ్లు నవ్వేవాళ్లు. వంట చేసే కుర్రాడొకడు, బోటు ఊగినప్పుడు గిన్నె పొయ్యి మీంచి జారకుండా ఎలా కట్టేస్తాడో మా ఇంటి చెంబుకి తాడు కట్టి చూపించాడు. ఆ ముడి నా నవల్లో పన్నెండు పేజీలు నడిపించింది.

నువ్వు పంపిన రెండు అధ్యాయాలూ చదివాను. వాక్యం బాగుంది, నాకంటే బాగా రాస్తున్నావు. కానీ ఊటీలో వాన, బంగళా, కిటికీ దగ్గర కాఫీ కప్పుతో కథానాయిక. ఊటీ వెళ్లావా నువ్వు? వెళ్లినా మూడు రోజులు ఉండుంటావు. మీ అమ్మ ఇరవై ఏళ్లు పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసిందన్న సంగతి మాత్రం ఉత్తరం చివర ఒక్క వాక్యంలో, అదీ క్షమాపణ చెప్పుకుంటున్నట్టు రాశావు.

ఆవిణ్ని ఎప్పుడైనా అడిగావా? పిక్క కొట్టేటప్పుడు సొన అంటి చర్మం కాలకుండా చేతులకేం రాసుకునేవారు? పొట్టు తీసేటప్పుడు పప్పు విరిగితే ఎవరు తిట్టేవారు, ఏ మాటలతో తిట్టేవారు? గుండు, బద్ద, ముక్క వేరు చేసే చోట ఎవరు ఎవరి పక్కన కూర్చునేవారు, ఎవరు ఎవరి పక్కన కూర్చోరు? 320 రకం అంటే పౌండు బరువుకి మూడొందల ఇరవై గింజలు మించకూడదు, 240 అయితే ఇంకా లావు గింజ. మీ అమ్మ గుప్పిట్లో పట్టుకునే చెప్పేయగలదేమో. కిలోకింత అని కూలి కట్టినప్పుడు తూకంలో తేడా వస్తే ఎవరు నోరెత్తేవారు? ఎత్తినావిడ మర్నాడు పనిలో ఉండేదా?

ఈ ఆఖరి ప్రశ్న దగ్గర నవల ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. ఫ్యాక్టరీ గురించే రాయమని బలవంతం లేదు. నీకు ఊటీయే కావాలంటే ఊటీయే రాయి. కాకపోతే ఆ బంగళా ఊడ్చే మనిషి పొద్దున్న ఎన్నింటికొస్తుందో, ఎంత దూరం నడిచొస్తుందో నీకు తెలిసుండాలి.

అలవాటు గురించి. నేను పొద్దున్న నాలుగున్నరకి లేచి ఆరున్నర దాకా రాసేవాణ్నని అందరికీ గొప్పగా చెబుతుంటాను. అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. ఆ రెండు గంటల్లో పెన్నులో ఇంకు పోయడం, గేదెకి గడ్డి వేయడం, నిన్నటి పేజీ చదువుకుని చిరాకు పడటం అన్నీ ఉండేవి. తేలేది ఒక పేజీ. కొన్ని రోజులు అరపేజీ. లెక్క వేసి చూడు. రోజుకి 200 మాటలు, ఏడాదికి 250 రోజులు అనుకున్నా 50 వేల మాటలు. మామూలు నవలకి అది చాలు. మిగతా 115 రోజులు పెళ్లిళ్లకీ జ్వరాలకీ మీ మేనేజరుకీ వదిలేశాను.

ఉద్యోగం వల్ల కుదరట్లేదన్నావు. కేశవరెడ్డి గారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆస్పత్రిలో డాక్టరుగా ఉండేవారు. పగలంతా రోగులు. ఆయన నవలలేమో ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల చిత్తూరు జిల్లా పల్లెల్లో నడుస్తాయి. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరుగా ఉండేవారు, ఆయన కథల్లో ఎందరో కోర్టు వరండాలోంచి నడిచొచ్చినవాళ్లే. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లి జైల్లో కూర్చుని రాశారు. జైల్లో ఒక్క సుఖం ఉంది, మీటింగులుండవు.

నువ్వు మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్తానన్నావు. ఆ రద్దీలో రాయమనను, నిలబడటానికే చోటుండదు. ఇయర్‌ఫోన్లు తీసి బ్యాగులో పడేసి విను. రోజుకి ఒక్క మాట, ఎవరో అన్నది అన్నట్టుగా ఫోన్లో రాసుకో. సారాంశం మాత్రం రాసుకోకు. 'భర్తతో గొడవపడుతున్న స్త్రీ' అని రాసుకుంటే నెల తర్వాత అది శవం. 'నీ బండికున్న ఇన్సూరెన్స్ కూడా నాకు లేదు' అని రాసుకున్నావనుకో, ఆ మనిషి లేచి కూర్చుంటుంది.

ఇంకో చిన్న కిటుకు. రాయడం ఆపేటప్పుడు రేపటి మొదటి వాక్యం సగం రాసి వదిలేస్తాను, పాలకి తోడు వేసినట్టు. తెల్లారేసరికి కాస్తయినా తోడుకుని ఉంటుంది.

ఆ నలభయ్యో పేజీ రోగం నాకు బాగా తెలుసు. కూర్చునే ముందు నీకు తెలిసిన కథ అక్కడితో అయిపోతుంది. అయిపోయిందని ఒప్పుకోలేక వెనక్కెళ్లి మొదటి అధ్యాయం చెక్కుతూ కూర్చుంటావు. నేను నా మొదటి అధ్యాయం పదకొండుసార్లు రాశాను. అచ్చయిన పుస్తకంలో ఆ అధ్యాయమే లేదు. అక్కడ ఆగినప్పుడల్లా ఎవరో ఒకర్ని వచ్చి తలుపు కొట్టమను. అప్పు వసూలుకి వచ్చినవాడయితే మరీ మంచిది. అప్పులవాడి ముందు ఏ మనిషీ నటించలేడు, నీ కథానాయిక అసలు రంగు నీకే తెలుస్తుంది.

నా రాతలు ఎన్నిసార్లు తిరిగొచ్చాయో నువ్వు అడగలేదు. మర్యాదకి అడగలేదేమో. ఆ రోజుల్లో పత్రికకి పంపితే తిరుగు టపాకి స్టాంపులంటించి, మన అడ్రసు మనమే రాసిన కవరు లోపల పెట్టాలి. పొద్దున్నే సంచి విప్పి బల్ల మీద కుమ్మరిస్తే ఉత్తరాల మధ్యలోంచి నా చేతిరాత నాకే కనబడేది. కవరు లావు చూస్తేనే తెలిసిపోయేది. తీసుకుంటే పల్చటి కార్డు వస్తుంది కదా. పోస్ట్‌మ్యాన్ చూడనట్టు నటిస్తుండగా దాని మీద తేదీ ముద్ర నేనే కొట్టి, నాకు నేనే బట్వాడా చేసుకునేవాణ్ని. పదిహేడుసార్లు. ఒక వారపత్రిక నుంచి వచ్చినదాంట్లో నాలుగో పేజీ మీద టీ గ్లాసు మరక ఉంది. నాలుగో పేజీ దాకా చదివారన్నమాట అని ఆ రోజంతా సంతోషంగా తిరిగాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానం ప్రాంతాన్ని కూల్చేసిన రాత్రి మా ఇంటి పెంకులు లేచిపోయాయి. రెండో నవల 160 పేజీలు, ఇంకు పెన్నుతో రాసినవి, బీరువా మీద ఉన్నాయి. తెల్లారి చూస్తే నీలం నీళ్లు కారుతున్నాయి. చుట్టూ జీడితోటలు, కొబ్బరి చెట్లు పోయినవాళ్ల మధ్య కాగితాలు పోయాయని ఏడవడానికి సిగ్గేసింది. కరెంటు లేని ఆ రోజుల్లో దీపం పెట్టుకుని గుర్తున్నంత మేరకు తిరగరాశాను. 90 పేజీలొచ్చింది. మిగతా 70 పేజీల్లో ఏం రాశానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. రాసిన నాకే గుర్తు లేనిది చదివేవాడికి ఎందుకని వదిలేశాను. నువ్వు మాత్రం ఫైలు రెండు చోట్ల దాచుకో, పేజీలు తగ్గించడానికి తుఫానే రానక్కర్లేదు.

శ్రీకాకుళంలో కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయం ఉంది. చూశావో లేదో. ఒక పూట అక్కడ కూర్చుని పాత వారపత్రికలు తిరగెయ్. మనం పేరు కూడా వినని వాళ్లు ఎంత బాగా రాశారో చూస్తే కాస్త పొగరు దిగుతుంది, దాంతోపాటు ఎందుకో ధైర్యమూ వస్తుంది. నాకు రెండూ జరిగాయి.

సంక్రాంతికి ఇంటికొస్తానని రాశావు. నీకు బోటు సీజన్ అడ్డం లేదు గనక నమ్ముతున్నాను. వచ్చేటప్పుడు ఊటీ అధ్యాయాలు తేకు. మీ అమ్మ చేతుల మీద సొన మచ్చలు ఉండే ఉంటాయి. ఏది ఏ ఫ్యాక్టరీలో, ఏ ఏడాది పడిందో పక్కన కూర్చుని అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుని పట్రా. మా ఇంటావిడ అరిసెలు చేస్తుంది. మీ అమ్మని కూడా తీసుకురా, నేనూ రెండు మూడు అడగాలి.

ఆశీస్సులతో,
మాస్టారు