టీవీ షాపింగ్‌లో ఇంకా ఆ పాత చీరలేనా? తిరుపతి టైలరు జవాబు

మీ ప్రశ్న ఇదీ: చిత్తూరులో ఉండే మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, బజారుకి పోలేరు. టీవీ షాపింగ్ ఛానెల్ చూసి చీరల కాంబో తెప్పించుకుంటారు. వచ్చినవన్నీ మీరు హైస్కూల్లో ఉన్నప్పుడు చూసిన డిజైన్లే. వాళ్ల దగ్గర కొత్త సరుకు ఉండదా, లేక పెద్దవాళ్లకి ఇది చాల్లే అనుకుంటారా?

రెండూ ఉన్నాయి. నాకు ఒళ్లు మండేది మాత్రం రెండోదానికి.

బైరాగిపట్టెడలో చిన్న టైలరింగ్ షాపు నాది. జాకెట్లు, ఫాల్స్, జిగ్‌జాగ్, కొంగు కుచ్చులు, పెళ్లిళ్ల సీజన్లో మగ్గం వర్కు. చీర ఎక్కడ కొన్నారో వాళ్లు చెప్పక్కర్లేదు, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది. గాంధీ రోడ్డులో కొన్నది వేరు, కంచి వెళ్లి తెచ్చుకున్నది వేరు. టీవీ చీరకైతే పట్టుకునే పని కూడా లేదు. తళతళలాడే జార్జెట్టు, విడిగా కుట్టిన లేసు బోర్డరు, బోర్డరు మీద జిగురుతో అంటించిన రాళ్లు, ఇంకో కవర్లో పల్చటి జాకెట్ గుడ్డ. ఆ రాళ్ల మీద పడితే నా మిషన్ సూది విరుగుతుంది, ఇస్త్రీ పెట్టె తగిలితే జిగురు కరుగుతుంది.

సగం సగం చీరలు గుర్తున్నాయా? కుచ్చిళ్లు ఒక రంగు, కొంగు ఇంకో రంగు, మధ్యలో వెల్వెట్ పట్టీ. పదిహేనేళ్ల కిందట పెళ్లి రిసెప్షన్లలో ఎవర్ని చూసినా అవే. బ్రాసో చీరలు, అంటే బట్టని అక్కడక్కడ పల్చగా చేసి డిజైను తేల్చినవి, అవి కూడా అప్పటివే. మా వీధిలో వాటిని ఇప్పుడు ఉచితంగా ఇచ్చినా తీసుకోరు. టీవీలో మాత్రం ఈ మధ్య కూడా చూశాను, యాంకరమ్మ “లేటెస్ట్ కలెక్షన్” అంటూ భుజాన వేసుకుని తిరుగుతోంది. డ్రెస్ మెటీరియల్ అయితే ఇంకా ఘోరం. పాటియాలా ప్యాంటుకి సరిపడా గుడ్డ, గుచ్చుకునే నెట్టు చున్నీ. కాలేజీ పిల్లలు కాటన్ కుర్తా సెట్లకీ, పైనా కిందా ఒకే బట్టతో వచ్చే కో-ఆర్డ్ సెట్లకీ మారి చాలా కాలమైంది.

ఎందుకిలా అంటే ముందు లెక్క చూడాలి. మా బజార్లో ఫ్యాన్సీ చీరలు అమ్మేవాళ్లకి సూరత్ సరుకు సెట్లుగా వస్తుంది. సెట్టుకి ఆరో ఎనిమిదో చీరలు. బట్ట ఒకటే, రంగులూ డిజైన్లూ మారతాయి. అమ్ముడుపోతే ఫోన్ చేసి మళ్లీ తెప్పిస్తారు, పోకపోతే ఆషాఢం సేల్లో వదిలించుకుంటారు (మా వైపు అరవ ప్రభావం కదా, ఆడి సేల్ అనేవాళ్లూ ఉన్నారు). నష్టం నాలుగు చీరలతో ఆగిపోతుంది కాబట్టి చిన్న షాపువాడు కూడా కొత్త రకం తెచ్చి చూడగలడు. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక బట్ట మీద డిజైను అచ్చేసే స్క్రీన్లు చేయించే ఖర్చు లేదు, తక్కువ మీటర్లు కూడా ప్రింట్ చేసి ఇస్తున్నారు. అందుకే బజార్లో డిజైన్లు అంత త్వరగా మారుతున్నాయి.

టీవీ వాళ్లకి ఆ వీలు లేదు. స్టూడియో, యాంకరు, కెమెరా, ఫోన్లెత్తే వాళ్లు, గోడౌను, కొరియరు, డెలివరీ అప్పుడు తీసుకోకపోతే తిరుగు కొరియరు. వీటిపైన, ఛానెల్ మీ ఇంట్లో కనపడటానికి డీటీహెచ్ వాళ్లకీ కేబుల్ వాళ్లకీ డబ్బు కట్టాలి. ఇదంతా ఒక డిజైను మీద రావాలంటే ఆ డిజైను వేల సంఖ్యలో చేతిలో ఉండాలి. తీసిన ప్రోగ్రాం వారాల తరబడి తిప్పితిప్పి వేస్తారు కాబట్టి అన్నాళ్లూ ఆ సరుకు అయిపోకూడదు. పోతుందో పోదో తెలియని కొత్త రకాన్ని అన్ని వేలు ఎవరు తయారు చేసి పెడతారు? ఒకప్పుడు బాగా ఆడి, ఊపు తగ్గి, గోడౌన్లో మిగిలిన రకమైతేనే అంత చవగ్గా, అంత మొత్తంలో దొరుకుతుంది. ఆరు చీరల కాంబో చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. షాపువాడు కొనాల్సిన సెట్టుని ఒకే ఇంటికి అంటగడుతున్నారు. అందులో రెండు నచ్చుతాయి, నాలుగు బీరువాలో పడుంటాయి.

కుట్టిన బట్టలు తక్కువ చూపించేది కూడా ఇందుకే. కుర్తీ అమ్మాలంటే ఎల్, ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్, ప్రతి సైజులో ప్రతి రంగూ నిల్వ ఉండాలి. సైజు చాలకపోతే వెనక్కి వస్తుంది. చీరకి ఆ బాధ లేదు, నైటీకి లేదు, కుట్టని డ్రెస్ మెటీరియల్‌కీ లేదు. ఫ్యాషన్ ఎక్కువగా మారేదేమో కుట్టిన బట్టల్లోనే.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు జనం ఇష్టపడుతున్న రకాలు టీవీలో అందంగా కనపడవు. పిస్తా, పీచ్, లావెండర్ లాంటి లేత రంగులు స్టూడియో లైట్ల కింద తెల్లగా పాలిపోతాయి. లినెన్ చీర స్క్రీన్ మీద నలిగిన దుప్పటిలా ఉంటుంది. మంచి కాటన్ గొప్పతనం చేతికి తగిలితేనే తెలుస్తుంది, దాన్ని యాంకరు ఎంత వర్ణించినా లాభం లేదు. రాణి పింకు, చిలకపచ్చ, రాయల్ బ్లూ, పైన రాళ్లు, అవైతే రిమోట్ తిప్పుతున్న చెయ్యి ఆగిపోతుంది. అంటే వాళ్లు చీరని కట్టుకునేవాళ్ల కోసం ఎంచరు, కెమెరా కోసం ఎంచుతారు.

మొదట్లో ఇలా లేదు, అది కూడా చెప్పాలి. మన దేశంలో 24 గంటల షాపింగ్ ఛానెల్‌గా హోమ్‌షాప్18 మొదలైంది 2008లో. ఆ తర్వాత కొన్నేళ్లు, ముఖ్యంగా కుప్పం, పలమనేరు, పుంగనూరు పల్లెల్లో ఉండే ఆడవాళ్లకి ఇది నిజంగా కొత్త తలుపు. టౌనుకి తీసుకుపొమ్మని ఎవర్నీ బతిమాలక్కర్లేదు, సరుకు ఇంటికొచ్చాక డబ్బులివ్వొచ్చు. అప్పట్లో వచ్చిన చీరలు బజారుకి తీసిపోయేవి కావు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక వయసులో ఉన్నవాళ్లంతా ఫోన్‌కి మారిపోయారు. టీవీ ముందు మిగిలింది అమ్మలు, అత్తలు, అమ్మమ్మలు. వాళ్లు ఫోన్లో ధర పోల్చి చూడరు, తిరిగి పంపే గొడవకి పోరు. అలాంటి కస్టమర్ ఉన్నప్పుడు కొత్త డిజైను కోసం ఎవడు కష్టపడతాడు?

నా కోపమంతా ఇక్కడే. యాభై దాటిన ఆడవాళ్లకి కొత్తదనం అక్కర్లేదని ఎవరు తేల్చారు? నా దగ్గరికొచ్చే రిటైర్డ్ టీచరు ఒకావిడ లినెన్ చీర మీదకి కలంకారీ జాకెట్ కుట్టించుకుంటారు. కూరగాయలమ్మే ఒకామె మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి టిష్యూ చీరే కావాలని పట్టుబట్టి కొనుక్కుంది, కొంగుకి ఏ రకం కుచ్చులు కట్టాలో యూట్యూబ్‌లో చూసొచ్చి మరీ నాకు చూపించింది.

మా అత్త సంగతి చెప్తాను. ఒక ఛానెల్లో గంధం రంగు చీర చూసి ఆర్డరు పెట్టించింది. వచ్చింది చూస్తే అచ్చం పసుపు. తనే ఫోన్ చేసి అడిగితే అవతలి అబ్బాయి, “మీ వయసుకి ఈ రంగే బాగుంటుంది మేడం, ఉంచేసుకోండి” అన్నాడు. “నా వయసు లెక్క నీకెందుకబ్బా, నేనడిగిన రంగు పంపు” అని మా అత్త. ఆ రంగు రాలేదు. డబ్బు వెనక్కి రావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది, అదీ నేను రోజూ ఫోన్ చేస్తే.

పెద్దవాళ్లకి అసలు కావాల్సింది ఒంటికి హాయిగా ఉండే బట్ట. ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో పాలిస్టర్ జార్జెట్ కట్టుకుని వంటింట్లో నిలబడమనండి ఆ యాంకర్ని. కొండ మీద దర్శనం క్యూలో గంటలు గంటలు కూర్చునే వాళ్లకైనా కాటనో పల్చటి సిల్క్ కాటనో అయితేనే ప్రాణం నిలబడుతుంది.

ఇక మీరేం చెయ్యొచ్చో చెప్తాను. అమ్మగారిని టీవీ చూడొద్దని మాత్రం అనకండి. బెడ్‌షీట్లు, నైటీలు, డబ్బాలు తెప్పించుకోనివ్వండి, వాటిలో పెద్దగా మోసపోయేదేం లేదు. చీరలు మాత్రం వేరే దారిలో చూడండి. చిత్తూరులోనూ తిరుపతిలోనూ చాలా షాపులు ఇప్పుడు వాట్సాప్ వీడియో కాల్లో చీరలు చూపిస్తున్నాయి. మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు చేస్తే వాళ్లకీ తీరిక ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద కాకుండా గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూపించమనండి, కొంగు పూర్తిగా విప్పమనండి. టీవీలో చెయ్యలేని పని ఇదే, “ఆ పక్కనున్నది తియ్యి నాయనా” అని అమ్మగారే చెప్పగలరు. బేరం కూడా ఆడతారు, ఆ సరదా ఎందుకు పోగొట్టాలి?

మీరు ఊరికి వచ్చినప్పుడు కారులో తీసుకెళ్లగలిగితే చిత్తూరు నుంచి వేలూరు దగ్గరే, చిత్తూరు వాళ్లు సగం బట్టలు అక్కడే కొంటారు. అమ్మగారు కాటన్ ఇష్టపడితే నేనైతే వెంకటగిరి అంటాను. జిల్లాల విభజన తర్వాత అది మా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. సన్న నూలు, తేలిక బరువు, కొంగులో జాందానీ పని, అంటే నేతలోనే చేత్తో తేల్చిన డిజైను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి బరువు లేని చీర ఎంత సుఖమో కట్టుకుంటేనే తెలుస్తుంది. శ్రీకాళహస్తిలో చేత్తో గీసిన కలంకారీ ధర ఎక్కువే. చీర కాకపోయినా జాకెట్ గుడ్డ ఒక్కటి కొనుక్కుంటే నాలుగు మామూలు చీరలకి కొత్త రూపు వస్తుంది.

అయినా సరే టీవీ చీరే కావాలని అమ్మగారు అంటే, ఆర్డరు పెట్టేముందు బట్ట పేరు అడగండి. “ఆర్ట్ సిల్క్” అంటే అది పట్టు కాదు, పాలిస్టరో విస్కోసో. నిజమైన పట్టుకైతే సిల్క్ మార్క్ ఉందా అని అడగండి, మాట తడబడితే ఫోన్ పెట్టెయ్యండి. జాకెట్ గుడ్డ ఎంత పొడవో కూడా అడగాలి. మామూలుగా 80 సెంటీమీటర్లు ఇస్తారు. ఇప్పుడు మోచేతి దాకా చేతులు పెట్టించుకుంటున్నారు కదా, కాస్త ఒళ్లున్నవాళ్లకి అది చాలదు, మీటరు కావాలి. పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి.

డిజైను పాతదని కేసు వెయ్యలేం. చూపించిన రంగు ఒకటి, పంపింది ఒకటి అయినా, చిరుగున్నా, తిరిగి తీసుకోం అని వాళ్లన్నా, అప్పుడు మాత్రం వదలకండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. దానితో తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మగారు ఉండే చిత్తూరు జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉందా ముంబైలో ఉందా అన్నది మీకు అనవసరం. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. వెయ్యి రూపాయల చీరకి అంత దూరం ఎవరు పోతారంటారా? చాలామంది పోరు. పోతామని గట్టిగా చెప్తే చాలు, ఫోన్లో అవతలి గొంతు మారిపోతుంది.

ఇప్పటికే ఇంట్లో ఉన్న ఆ కాంబో చీరలు పనమ్మాయికి ఇచ్చేద్దామా అని కూడా అడిగారు. ఆమె మాత్రం ఎందుకు కట్టుకోవాలి? జార్జెట్లయితే పిల్లలకి లాంగ్ ఫ్రాకులు కుట్టించండి. చీర ఐదున్నర మీటర్లుంటుంది, పెద్దపిల్లకైనా మంచి గేరు వస్తుంది. లోపల లైనింగ్ మాత్రం కాటన్‌దే వెయ్యమనండి, లేకపోతే చెమటకి పిల్ల విప్పి పారేస్తుంది. రాళ్లున్న బోర్డరు ముందే కత్తిరించి టైలర్‌కి ఇవ్వండి, పాపం వాళ్ల సూదులు మిగులుతాయి.