పదిహేడు సర్టిఫికెట్లు

ప్రశ్న: మా బిడ్డ కాకతీయ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తోంది. సెమినార్, కాన్ఫరెన్స్ అంటూ నెలకొకటి. ఒక్కోదానికి రెండు వేల దాకా ఫీజు. ఫైల్లో ఇప్పటికే పదిహేడు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఇప్పుడు బెంగళూరులో పది రోజుల ట్రైనింగ్‌కు పోతానంటోంది. ఇవన్నీ రేపు ఉద్యోగానికి పనికొస్తాయా? పంపమంటారా?
- ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: బెంగళూరుకు పంపండి. నెలనెలా కట్టే ఫీజులు మాత్రం ఆపించండి.

ముందు ఉద్యోగం సంగతి. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చడానికి యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2018 నిబంధనల్లో ఒక మార్కుల పట్టిక ఉంది. అందులో పీహెచ్‌డీకి 30, అచ్చయిన పరిశోధన పత్రాలకు ఒక్కోదానికి 2 చొప్పున 10 దాకా ఇస్తారు. సెమినార్‌కు వెళ్లి కూర్చున్నందుకు ఆ పట్టికలో గడే లేదు. పదిహేడున్నా డెబ్బై ఉన్నా అంతే.

మరి పిల్లలెందుకు ఎగబడతారంటే, దానికో కథ ఉంది. యూజీసీ 2016 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు కనీసం రెండు కాన్ఫరెన్సుల్లో పేపర్ చదివి ఉండాల్సి వచ్చేది. 2022లో యూజీసీ ఆ షరతు తీసేసింది. యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవచ్చు కాబట్టి మీ బిడ్డను ఆఫీసులో ఒకసారి కనుక్కోమనండి. షరతు పోయినా అలవాటు పోలేదు, దాని మీద బతికేవాళ్లూ పోలేదు. పొద్దున పంపిన పేపర్‌కు సాయంత్రానికే 'ఓకే' అని మెయిల్ వచ్చి, కెమిస్ట్రీ, మేనేజ్‌మెంట్, యోగా అన్నీ ఒకే హాల్లో నడిపేస్తున్నారంటే అది సర్టిఫికెట్ల దుకాణం.

అలాగని సెమినార్లే దండగ అనుకోకండి. కొన్నేళ్ల కింద హనుమకొండలో ఒక పోస్టర్ సెషన్‌కు, అంటే స్కాలర్లు తమ పనిని పోస్టర్ మీద పెట్టి వివరించేచోటికి, వెళ్లాను. ఒకమ్మాయి తన పోస్టర్ పక్కన నిలబడి గడగడా అప్పజెబుతోంది. ఒక పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, ఎన్‌ఎంఆర్ గ్రాఫ్‌లో (శాంపిల్‌లో ఏముందో చూపే మెషీన్ గీసేది) పైకి లేచిన ఒక గీత మీద వేలు పెట్టి, "1.56 దగ్గర ఈ చిన్న పీక్ ఏందమ్మా?" అన్నాడు. అమ్మాయి నోట మాట లేదు. ఆ గ్రాఫ్‌ను నెలల తరబడి చూస్తూనే ఉంది, ఆ పీక్ గురించి మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. "నీళ్లు తల్లీ, శాంపిల్ కరిగించిన నీ క్లోరోఫాంలో తేమ ఉంది" అని నవ్వాడాయన. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె పెన్ను తీసి పోస్టర్ మీదే రాసుకుంది. సెమినార్‌కు వెళ్లాల్సింది ఇలాంటి రెండు నిమిషాల కోసం. అవి వెనక వరసలో కూర్చున్నవాళ్లకు దొరకవు. కాబట్టి ఏడాదికి ఒకటో రెండో చాలు, అదీ తన పని చూపించేచోటికే.

బెంగళూరు విషయానికొస్తే, మూడు సంగతులు అడగండి. అప్లికేషన్ చూసి ఎంపిక చేశారా, వసతి వాళ్లదేనా, ఇలాంటి గ్రాఫ్‌లు తీసే మెషీన్ మీద తన చేత పని చేయిస్తారా. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మన దగ్గర చాలామంది స్కాలర్లు శాంపిల్‌ను చిన్న సీసాలో పోసి పంపిస్తారు, కొన్ని రోజులకు గ్రాఫ్ మెయిల్లో వస్తుంది. ఆ మెషీన్ ముఖం చూడకుండానే పీహెచ్‌డీ అయిపోయినవాళ్లు నాకు తెలుసు. పది రోజులు దాని ముందు కూర్చోబెడతారంటే కాజీపేటలో రైలెక్కించి రండి. ఎంపికంటూ లేకుండా డబ్బు కట్టినవాళ్లందరినీ తీసుకుంటే మాత్రం అది జాతర.

దగ్గర్లో ఉన్నవీ వదలొద్దు. ఎన్‌ఐటీ వరంగల్‌లో గియాన్ పేరుతో విదేశీ ప్రొఫెసర్ల కోర్సులు ఎన్నోసార్లు జరిగాయి. బస్సులో వెళ్లి రావొచ్చు. డిపార్ట్‌మెంట్‌లో జరిగే సెమినార్‌కు ఫీజే ఉండదు, అందుకేనేమో దానికి విలువ ఇవ్వరు. ఆరునెలలకోసారి రీసెర్చ్ కమిటీ ముందు ఎలాగూ నిలబడాలి. ప్రశ్నలకు అలవాటు పడటానికి డిపార్ట్‌మెంట్‌ను మించిన చోటు లేదు. ఇంగ్లిష్‌లో తడబడితే తడబడనివ్వండి.

ఇంకొకటి. రైలు టికెట్ పారేయొద్దని చెప్పండి. చార్జీలు తిరిగిచ్చేచోట మొదట అడిగేది అదే.