సక్సెస్‌లో దాక్కున్న ‘సబ్’

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూశాక సందేహం వచ్చింది సార్. సబ్‌మెరైన్‌లో, సబ్ కలెక్టర్‌లో, సబ్జెక్ట్‌లో ఉన్న ‘సబ్’ ఒకటేనా?
– డిగ్రీ విద్యార్థిని, గాజువాక

జవాబు: ఒకటేనమ్మా. లాటిన్‌లో ‘సబ్’ అంటే కింద, ‘మారె’ అంటే సముద్రం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, ఆ మరుసటేడు మ్యూజియంగా మారి ఇసుక మీదే కూర్చున్న మన కురుసుర ఇప్పుడు పేరుకే సబ్‌మెరైన్ అనుకో! సబ్ కలెక్టర్ సంగతి చెప్పక్కర్లేదు. సబ్జెక్ట్‌లో రెండో ముక్కకు ‘విసరడం’ అని అర్థం. కింద పడేసింది, అంటే ఒకరి అధీనంలో ఉన్నది. రాజుగారి ప్రజల్నీ సబ్జెక్ట్స్ అన్నది అందుకే.

అసలు మజా వేషం మార్చిన మాటల్లో ఉంది. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు అయినట్టు, లాటిన్‌లోనూ తర్వాతి హల్లును బట్టి ‘సబ్’ చివరి అక్షరం మారిపోతుంది. మోయడం అనే అర్థమున్న ‘పోర్టారె’తో కలిస్తే సపోర్ట్: కింద ఉండి మోయడం. సఫర్ కూడా దాదాపు అంతే, భారం కింద ఉండి ఓర్చుకోవడం. సస్పెక్ట్‌లో కింది నుంచి చూసే చూపు ఉంది. సక్సెస్‌లో ‘సబ్’కు ‘వెనకే’ అని అర్థం. మొదట్లో ఆ మాటకు గెలుపుతో పనిలేదు, ఒకదాని వెనక ఇంకొకటి రావడమే. సక్సెసర్ అంటే వారసుడు కదా, ఆ పాత అర్థం అక్కడ మిగిలింది.

ఈ ఊపులో మన సబ్బవరం ఊరిని కూడా లాటిన్‌లోకి లాగకు తల్లీ!