తమ్ముడి ఆటో కోసం నా డిపాజిట్ తాకట్టు పెట్టమంటున్నారు

ప్రశ్న: పదకొండేళ్లు మావోయిస్టులతో అడవిలో ఉండి 17 నెలల క్రితం లొంగిపోయాను. విజయనగరంలో అద్దెకుంటూ కుట్టు నేర్చుకున్నాను. ప్రభుత్వం ఇచ్చిన 2.5 లక్షలు నా పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నాయి, నామినీ ఎవరూ లేరు. నెలకు 10,000 స్టైపెండ్, ఖర్చు 7,500. అరువు తెచ్చుకున్న మిషను మీద ఇంట్లోనే కుట్టి మరో 3,000 సంపాదిస్తున్నాను. చేతిలో 28,000 ఉంది. గంటస్తంభం దగ్గర షాపు తీసుకోమని తెలిసినావిడ అంటోంది, అడ్వాన్సే లక్ష. డిపాజిట్ మీద లోను తీసి ఆటో కొనిపెట్టమని తమ్ముడు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు తమ్ముడి సంగతి తేల్చేద్దాం. మీలాంటివారికి ఇచ్చే ఈ డబ్బు సత్ప్రవర్తన షరతు మీద మూడేళ్లు బ్యాంకులోనే ఉండాలి. ఈలోపు హామీగా పెట్టాలన్నా మీ సొంత ఉపాధి లోనుకే. ఆటో అందులోకి రాదు. "ఆ డబ్బు ఇంకా నా చేతికి రాలేదురా, రూలు ఒప్పుకోదు" అని ఉన్నమాటే చెప్పండి. మొహమాటం లేకుండా బయటపడతారు.

నాకు టెన్షన్ పెట్టింది ఆటో కాదు, క్యాలెండరు. స్టైపెండ్ కూడా 36 నెలలే. అంటే ఇంకో 19 నెలలకు డిపాజిట్ చేతికొస్తుంది, అదే సమయానికి నెలనెలా వచ్చే పదివేలు ఆగిపోతాయి. ఒకేసారి అంత డబ్బు చూసి అందరూ వస్తారు, తమ్ముడితో సహా. 2.5 లక్షల మీద ఏడు శాతం వడ్డీ అనుకున్నా నెలకు 1,450 చిల్లర. బియ్యం, కూరగాయలకు కూడా చాలదు. కాబట్టి ఆలోపు మీ కుట్టు సంపాదన 3,000 నుంచి కనీసం 8,000కి చేరాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

షాపు ఇప్పుడు వద్దు. ఇంటి దగ్గరే కుట్టండి. చేతిలోని 28,000లో కొంత పెట్టి సొంత మిషను, వీలైతే చీర అంచులు కుట్టే పీకో మిషను కూడా కొనుక్కోండి. కొత్త టైలరుకి జాకెట్టు కొలత ఇవ్వడానికి ఆడవాళ్లు ఆలోచిస్తారు గానీ, చీరకి ఫాల్, పీకో ఎవరికైనా ఇచ్చేస్తారు. అలా గుమ్మం ఎక్కినవాళ్లే తర్వాత లైనింగ్ జాకెట్లు తెస్తారు. జూన్‌లో యూనిఫాంలు, దసరా, సిరిమానోత్సవం, సంక్రాంతి. ఆ నెలల్లో రాత్రిళ్లు కూర్చోక తప్పదు.

స్టైపెండ్‌లో మిగిలే 2,500, కుట్టు మీది 3,000 కలిపితే నెలకు 5,500. అందులో 5,000 బ్యాంకులో 18 నెలల రికరింగ్ డిపాజిట్‌కి కట్టండి. స్టైపెండ్ ఆగే నాటికి 90,000, పైన వడ్డీ.

లోను విషయంలో వరుస ముఖ్యం. చాలామంది ముందు చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోను తీసుకుని, తర్వాత చేతివృత్తులవారి కేంద్ర పథకం పీఎం విశ్వకర్మకి వెళ్లి వెనక్కి వస్తారు. ఐదేళ్లలో ముద్ర తీసుకుని పూర్తిగా తీర్చకపోతే అక్కడ అర్హత ఉండదు. అందుకని విశ్వకర్మకే ముందు అడగండి. సొంతంగా కుట్టి బతికే దర్జీలకు అందులో చోటుంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి లక్ష వరకు లోను. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో (ఆన్‌లైన్‌లో ప్రభుత్వ సేవలు అందించే కేంద్రం). ఇప్పుడు కొత్తవాళ్లను తీసుకుంటున్నారో లేదో ముందు అక్కడే కనుక్కోండి. అయితే లక్షా తీసుకుంటే 18 నెలల్లో తీర్చాలి, వాయిదా 5,800 దాకా పడుతుంది. మీ 3,000 సంపాదన మీద అది ఉరితాడే. నలభై వేలు చాలు, అదీ చేతినిండా పని దొరికాకే.

బ్యాంకుకి వెళ్లినప్పుడు ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (ప్రాణ బీమా), 20 రూపాయల సురక్షా (ప్రమాద బీమా) రెండూ తీసుకోండి. డిపాజిట్‌కి నామినీని కూడా అప్పుడే రాయించండి. తమ్ముడి మీద ప్రేమ చూపించాలనుంటే ఆ కాగితం మీద వాడి పేరు రాయండి.