‘ప్రకృతికి బాధ్యులం’ అనవచ్చా?

సందేహం: మా చర్చి ప్రత్యేక సంచికకు పర్యావరణం గురించిన కతోలిక బోధన మీద వ్యాసం రాశాను. అందులో “ప్రకృతికి మనిషి బాధ్యుడు” అన్న వాక్యం ఉంది. చదివిన ఒకాయన దాన్ని “ప్రకృతి పట్ల మనిషికి బాధ్యత ఉంది” అని మార్చమన్నారు. రెండూ ఒకటే కదా? ‘ప్రకృతి’ బదులు ‘సృష్టి’ అనాలా? ‘పర్యావరణ పాపం’ అన్న మాట సరైనదేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ ఒకటి కావమ్మా. ఆయన దిద్దుబాటు సరైనదే. అయితే మీ వ్యాసం కతోలిక బోధన గురించి కాబట్టి ఆ ఒక్క వాక్యంతో విషయం పూర్తికాదు.

‘బాధ్యుడు’ అన్న మాటకు ముందు కి, కు విభక్తి వస్తే మన చెవి జరిగిపోయిన నష్టాన్ని వెతుక్కుంటుంది. “ప్రమాదానికి డ్రైవరే బాధ్యుడు” అంటాం. తప్పు అతనిదని అర్థం. అందుకే “నది పాడవడానికి ఫ్యాక్టరీ యజమాని బాధ్యుడు” అంటే నిండుగా ఉంటుంది. “నదికి యజమాని బాధ్యుడు” అంటే ఏదో మాట జారిపోయినట్టు ఉంటుంది. మీ వాక్యంలో ఇబ్బంది అదే. ‘పట్ల’ చేరిస్తే, ఇకమీదట చేయవలసిన పని గుర్తుకొస్తుంది: తల్లిదండ్రుల పట్ల బాధ్యత, పిల్లల పట్ల బాధ్యత. ఎవరి ముందు లెక్క ఒప్పజెప్పాలో చెప్పాలంటే ‘జవాబుదారీ’ అన్న మంచి మాట ఎలాగూ ఉంది.

కతోలిక బోధనలో ఈ మూడూ ఉన్నాయి. ఆదికాండం 2:15లో దేవుడు నరుణ్ణి ఏదెను తోటలో ఉంచింది దాన్ని సేద్యపరచడానికి, కాయడానికి. ఇది సృష్టి పట్ల బాధ్యత. తోట దేవునిది కాబట్టి జవాబుదారీ ఆయనకే. చర్చి బోధనలను ఒకచోట చేర్చి 1992లో వెలువరించిన కతోలిక సత్యోపదేశ గ్రంథం సృష్టి పట్ల గౌరవాన్ని ‘దొంగిలవద్దు’ అనే ఏడవ ఆజ్ఞ కిందే చెప్పింది. ఇది నాకు చాలా బలమైన ఆలోచనగా తోస్తుంది. భూమి మీద ఉన్నవి రాబోయే తరాలకు కూడా ఉద్దేశించినవైతే, వాటిని పాడుచేయడం ఇంకా పుట్టనివాళ్ల వాటా తీసుకోవడమే కదా!

మూడవది నష్టానికి బాధ్యత. మీరు విభక్తిని బాగా చూసుకోవలసింది ఇక్కడే. “భూమి పట్ల మనందరికీ బాధ్యత ఉంది” అని నిస్సంకోచంగా రాయండి. పోప్ ఫ్రాన్సిస్ 2015లో ‘లౌదాతో సీ’ విశ్వలేఖను (విశ్వాసపరమైన బోధనతో పోప్ రాసే అధికారిక లేఖ) భూమి మీద ఉన్న ప్రతి మనిషినీ ఉద్దేశించే రాశారు. కానీ “వాతావరణ మార్పుకు మనందరం బాధ్యులం” అని రాస్తే, వినడానికి వినయంగానే ఉన్నా, ఆ బోధన నుంచి పక్కకు జరిగినట్టే. సంపన్న దేశాలు పేద దేశాలకు ‘పర్యావరణ రుణం’ పడి ఉన్నాయని అదే లేఖ అంటుంది. దానికి కొనసాగింపుగా ఆయన రాసిన, 2023 అక్టోబరు 4న వచ్చిన ‘లౌదాతే దేయుమ్’ ఇంకా సూటిగా చెప్పింది: అమెరికాలో తలసరి ఉద్గారాలు చైనాలో కంటే సుమారు రెండు రెట్లు, అత్యంత పేద దేశాల సగటు కంటే సుమారు ఏడు రెట్లు ఎక్కువ. అందరికీ ఉన్నది బాధ్యత. నష్టానికి బాధ్యులు మాత్రం అందరూ సమానంగా కారు. ‘పట్ల’ బదులు ‘కు’ పడితే, ఏమీ చేయని పేదవాడి మీద కూడా నేరం మోపినట్టవుతుంది. దయచేసి ఆ పొరపాటు జరగనివ్వకండి.

ఇక ప్రకృతి, సృష్టి. ప్రకృతి అంటే పరిశీలించి, అర్థం చేసుకుని, అదుపు చేయదగిన వ్యవస్థగా చూస్తామని, సృష్టి అంటే దేవుని ప్రేమతో కూడిన సంకల్పమని, అది కానుక అని ‘లౌదాతో సీ’ 76వ పేరా తేడా చూపింది. విశ్వాసం గురించి చెప్పే చోట ‘సృష్టి’ అనండి. అన్నిచోట్లా మార్చనక్కర్లేదు. ‘ప్రకృతి వైపరీత్యం’ అలాగే ఉండాలి. ‘పర్యావరణం’ (పరి + ఆవరణం, యణాదేశ సంధి) అంటే చుట్టూ ఆవరించి ఉన్నది. ఆ మాట ఒక్కటే వాడుతూ పోతే మనిషి దానికి వెలుపల ఉన్నాడనిపించే ప్రమాదం ఉంది. మనం ప్రకృతిలో భాగమేనని అదే లేఖ 139వ పేరా గుర్తుచేస్తుంది.

‘పర్యావరణ పాపం’ తప్పు కాదు. ‘పర్యావరణ నేరం’ లాంటి సమాసమే. అయితే నేరం చట్టం ముందు, పాపం దేవుని ముందు. ఒకదాని బదులు ఇంకోటి వాడకండి. 2019 అక్టోబరులో అమెజాన్ ప్రాంతం గురించి జరిగిన సినడ్ (బిషప్పుల సమావేశం) తుది పత్రం ఈ పాపాన్ని నిర్వచిస్తూ, దేవునికీ పొరుగువారికీ సమాజానికీ పర్యావరణానికీ వ్యతిరేకంగా చేసిన పనినే కాదు, చేయవలసింది చేయకపోవడాన్ని కూడా కలిపింది. మొదటిసారి వాడేటప్పుడు “సృష్టి పట్ల చేసే పాపం” అని విడదీసి రాసి, తర్వాత సమాసం వాడండి. లేకపోతే పర్యావరణమే పాపం చేసిందని చదువుకునేవాళ్లూ ఉంటారు.