బొంత ముక్కలకి కన్నాలు: ముందు గంజి వదిలించండి

అమలాపురం అక్కా, బొంతల కోసం ట్రంకుపెట్టెలో దాచిన పాత చీరల ముక్కలు ముక్కిన వాసన కొడుతున్నాయనీ, నేత చీరలకే కన్నాలు పడ్డాయనీ రాశారు కదండీ. ఆ కన్నాలకి కారణం చాలావరకు గంజేనండి. వెండిరంగులో చటుక్కున పరిగెత్తే పురుగు చూసే ఉంటారు, దానికి గంజి విందుభోజనం. బండారులంక నూలు చీరైతే గోరువెచ్చటి నీళ్ళలో రెండుసార్లు జాడించండి. ఆరాక వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడకూడదు. అప్పుడే పెట్టెలోకి.

వాసనంటారా, కాలవగట్టు ఇళ్ళకి చెమ్మ తప్పదు. పెట్టెని గోడకి జానెడు ఎడంగా, ఇటుకల మీద చెక్క వేసి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు, తడి లోపలే ఉండిపోతుంది. అడుగున పాత దుప్పటి పరవండి. నా లేత గులాబీ చీరకి పెట్టె తుప్పు మరక అంటి ఎన్ని ఉతుకులకీ పోలేదు! వేపాకు గలగలలాడేలా ఎండాకే మూటకట్టి వేయాలి, పచ్చాకు మరక చేస్తుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

రంగులవారీగా సర్దమంటారు చాలామంది. నేనైతే ముందు నూలు, పాలిస్టర్ విడదీస్తాను. టైలరు దగ్గర తెచ్చిన కొత్త నూలు ముక్క తడపకుండా పాలిస్టర్ పక్కన కుడితే, మొదటి ఉతుకుకే ఆ నూలు ముక్క ముడుచుకుని బొంత గతుకుల రోడ్డులా అవుతుందండి. అరచేతి కన్నా చిన్నవి వేరే సంచిలో వేస్తే లోపల నింపడానికి పనికొస్తాయి.

వానలకి ముందొకసారి, కార్తీకంలో ఒకసారి అన్నీ తీసి నీడన గాలికి ఆరబెట్టి, మడతలు మార్చండి. నల్లచుక్కలు పడ్డ ముక్కల్ని మాత్రం ఉతికి ఎండబెట్టేదాకా మిగతావాటితో కలపకండి.